కాటను దొర

గోదావరి నది నాసిక త్ర్యంబకము చెంత కొండలలో పుట్టి, సుమారు తొమ్మిదివందల మైళ్లు ప్రయాణము చేసి, పాపికొండల నడుమ ఇరుకునబడి సుడులు తిరిగి, రాజమహేంద్రవరము కడకు వచ్చునప్పటికి సముద్రమువలె విశాలమగును. అచ్చటికి కొలది మైళ్ల దిగువను, ధవళేశ్వరము వద్ద, అది గౌతమి యనియు వసిష్ఠ యనియు రెండు పాయలుగా చీలి బంగాళాఖాతమువైపు సాగును. ఈ పాయల నడుమను, వాని కిరుగడలను ఉన్న నేల యంతయు నది తెచ్చి పోసిన ఒండ్రుమట్టియే. ఇట్టి సారవంతమైన నేల దేశములో అరుదు. అయినను పందొమ్మిదవ శతాబ్దపు తొలి దినములలో ఆ నేలపై నివసించిన ప్రజలు అన్నము లేక మాడిరి.

దీనికి కారణము నీటి లేమి కాదు. ఆషాఢ శ్రావణములలో గోదావరి పొంగి గట్లు తెంచుకొని ఊళ్లను ముంచివేసెడిది. వరద తీసిన పిమ్మట నీరు గట్టుకు మిక్కిలి దిగువను పారుచుండెడిది. చేను మిట్టను, నీరు పల్లమున. కన్నుల యెదుటనే అంత నీరు సముద్రము పాలగుచుండగా రైతు ఏటి యొడ్డున నిలిచి ఆకాశమువంక చూడవలసి వచ్చెడిది. వాన కురిసిన పంట, కురియకున్న పస్తు. 1832-33లో, నందన నామ సంవత్సరమున, వానలు పూర్తిగా వెనుదీసెను. గుంటూరు సీమలో ఇంచుమించు ఐదు లక్షల జనులుండగా అందు లక్షన్నరకు తక్కువ కాకుండ ఆకలికిని తెగుళ్లకును బలియైరి. గోదావరి తీరము సైతము ఈ బాధను తప్పించుకొనలేదు. 1839లో పెనుతుపాను వచ్చి కోరంగి రేవును తుడిచిపెట్టెను. రాజమహేంద్రవరము జిల్లాలో 1821లో 7,38,308 మంది యుండగా 1841 నాటికి 5,61,041 మంది మాత్రమే మిగిలిరి. ఇరువది సంవత్సరములలో ప్రతి నలుగురిలో ఒకడు చనిపోవుటయో, ఊరు విడిచి పోవుటయో జరిగెనన్నమాట. శిస్తు బకాయిలు కొండలవలె పెరిగెను. పాడుపడిన గ్రామములను చూచి చెన్నపట్టణములోని కంపెనీ దొరలకు గూడ ఆందోళన కలిగెను. ప్రజలపై జాలి కొంత, ఖజానాపై చింత కొంత అనిన సత్యమునకు దూరము గాదు.

ఆ కంపెనీ కొలువులోనే, కరవుకు మందు నదిలోనే కలదని నమ్మిన ఇంజనీరొకడుండెను. అతడే ఆర్థర్ కాటను.

కాటను 1803వ సంవత్సరము మే 15వ తేదీన ఇంగ్లండులో జన్మించెను. అతడు హెన్రీ కాల్వెలీ కాటనునకు పదవ కుమారుడు. అంత పెద్ద కుటుంబములో పుట్టిన పిల్లలు తమ బ్రతుకుతెరువును తామే వెదకుకొనవలసి యుండెను. పదునైదవ యేట అతడు ఆడిస్కూంబులో ఈస్టిండియా కంపెనీవారు నడుపుచుండిన సైనిక పాఠశాలలో చేరెను. 1819లో చెన్నపట్టణపు ఇంజనీర్ల దళములో ఉద్యోగము లభించెను. 1821లో, పదునెనిమిదేండ్ల ప్రాయమున, అతడు మద్రాసు రేవున దిగెను. ఆనాడు సైన్యపు ఇంజనీర్లకు కోటలు, బాటలు, పటాలముల బసలే ముఖ్యమైన పనులు. నీటిపారుదలను గూర్చి వారికి నేర్పిన గురువులు లేరు.

కాటనునకు ఆ విద్యను నేర్పినది తంజావూరు దేశము. అచ్చట కావేరి నది నుండి కొల్లిడమను పాయ విడిపోవును. కొల్లిడము పల్లమున నుండుటచే నీరంతయు నానాటికి దానిలోనికే పోవుచుండెను. కావేరి ఇసుకతో పూడుచు, దానిపై నాధారపడిన తంజావూరు పొలములు బీడు పడుచుండెను. 1830 తరువాత ఆ చిక్కును విప్పు భారము కాటనుపై పడెను. ఆ సమీపముననే కరికాల చోళుడు కట్టించెనని ప్రసిద్ధి కెక్కిన కల్లణై యను పురాతనమైన ఆనకట్ట కలదు. దానిని కాటను బహు శ్రద్ధతో పరిశీలించెను. నదిలో ఎంత లోతు త్రవ్వినను ఇసుకయే గాని రాయి తగులదు. అట్టిచోట ఆ కట్టడము వేయేండ్లకు పైగా ఎట్లు నిలిచెను? పూర్వులు పెద్దరాళ్లను ఇసుకపై పడవైచిరి. అవి కొంతవరకు క్రుంగెను. వానిపై మరికొన్ని వైచిరి. అవియు క్రుంగెను. క్రుంగుట ఆగిన పిమ్మట దానిపై గోడ లేపిరి. ఇసుకలో నూతులు దింపి వానిపై కట్టడము నిలుపు పద్ధతి గూడ ఆ సీమ పనివారికి తెలిసియుండెను. ఈ విద్యను తాను కనిపెట్టితినని కాటను ఏనాడును చెప్పుకొనలేదు. ఈ దేశపు పూర్వులకడ నేర్చితినని పలుమార్లు వ్రాసెను. విదేశీ పాలన సాగుచుండిన ఆ దినములలో అధికారి యిట్లు ఒప్పుకొనుట సామాన్యము గాదు. కొల్లిడముపై అతడు ఎగువ దిగువలను కట్టించిన రెండు ఆనకట్టలు 1836లో పూర్తియైనవి. తంజావూరు మరల పచ్చబడెను.

ఎండలో తిరిగి తిరిగి కాటను ఆరోగ్యము చెడెను. కొంతకాలము సెలవుపై ఆస్ట్రేలియా ఖండమునకు పోయి, 1841లో ఎలిజబెత్తు లెర్మంతును వివాహమాడెను. తిరిగి వచ్చిన పిమ్మట అతనిని విశాఖపట్టణమునకు పంపిరి. అచ్చట సముద్రము ఒడ్డును కోసివేయుచుండగా రాతికట్టలు వేయించి ఊరిని కాపాడుట అతని పని. శరీరమునకు కొంత విశ్రాంతి చిక్కునని యిచ్చిన యుద్యోగ మది. కాని అతని మనస్సు దక్షిణముననున్న గోదావరిపైననే యుండెను.

1843లో రాజమహేంద్రవరము జిల్లా దుస్థితిని విచారించుటకు సర్ హెన్రీ మంట్‌గమరీ యను అధికారి నియమింపబడెను. ఆతడు గ్రామములు తిరిగి, గోదావరి జలములను పొలములకు మళ్లించిన గాని ఈ జిల్లా బాగుపడదనియు, తంజావూరులో జరిగిన పని ఇచ్చటను జరుగవలెననియు నివేదించెను. పరిశీలన బాధ్యతను కాటనున కప్పగించిరి. అతడు గుఱ్ఱముపైనను, పడవపైనను, కాలినడకను డెల్టా యంతయు తిరిగెను. నేల యేవైపు వాలియున్నది, పాత కాలువ లెచ్చట పూడినవి, వరద యెంత ఎత్తు వచ్చును మున్నగు విషయము లన్నియు కొలిపించెను. 1844లో ఒక నివేదికను, మరుసటి యేట మరియొక దానిని సమర్పించెను. ధవళేశ్వరము వద్ద నదికి అడ్డముగా ఆనకట్ట కట్టవలెననునదే వాని సారము.

ఇది విని చాలమంది తల పంకించిరి. అచ్చట నది వెడల్పు, లంకలతో గూడ, నాలుగు మైళ్లు. అడుగున ఇసుక. వరదకాలమున ప్రవహించు నీటిని చూచినవారికి దానికి అడ్డుగోడ కట్టుట పిచ్చిపనిగా తోచుట సహజమే. కాని కాటను ఆ చోటు నెన్నుకొనుటలో గొప్ప నేర్పున్నది. నది విశాలముగా పరచుకొనుటచే అచ్చట లోతు తక్కువ, వడి తక్కువ. మూడవ వంతు లంకలు కావున అంత మేర రాతికట్టడము అవసరము లేదు. మట్టికట్టలే చాలును. అన్నిటికంటె ముఖ్యముగా ధవళేశ్వరపు కొండ ఒడ్డుననే యున్నది. రాయి కొఱకు దూరము పోనక్కరలేదు. తుదకు 1846 చివర అనుమతి వచ్చెను. 1847లో పని మొదలయ్యెను. అతడు కోరిన ఇంజనీర్లలో కొందరిని మాత్రమే పంపిరి.

ఆ పని తీరును కొంచెము తెలిసికొనవలెను. నదిలో పని చేయుటకు ఏడాదిలో ఆరు నెలలే యనుకూలము. కార్తికము తరువాత నీరు తగ్గును. జ్యేష్ఠము దాటగనే వరద వచ్చును. ఆలోగా తలపెట్టిన భాగము గట్టిపడకున్న మొదటి వరదకే కొట్టుకొనిపోవును. ధవళేశ్వరపు కొండపై రాయి పగులగొట్టి, ఇనుప పట్టాలపై నడచు బండ్లలో ఏటివరకు దింపి, పడవలపై కావలసిన చోటికి చేర్చెడివారు. సున్నము కాల్చువారు, ఇటుక చేయువారు, కమ్మరులు, వడ్రంగులు, రాయి మోయు స్త్రీ పురుషులు, అందరును గలిసి పదివేల మంది వరకు ఒక్కొక్క దినమున పని చేసిరి. ఆనకట్ట ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు భాగములుగా కట్టబడెను. రాతికట్టడపు పొడవు రమారమి రెండుంబావు మైళ్లు. ఎత్తు పండ్రెండడుగులు మాత్రమే. అది వరదను ఆపు గోడ కాదు. వరద దాని నెక్కి దాటిపోవును. వరద తీసిన తరువాతనే దాని ప్రయోజనము. ఏటి మట్టమును పండ్రెండడుగులు లేపి, పల్లమున పారు నీటిని కాలువల మొగములకు అందించును. మిట్టనున్న చేనుకు నీరెక్కించుట యనగా ఇంతియే. చెప్పిన సులభము, చేసిన దుర్ఘటము.

ఇంత పనికి ఇంజనీరొక్కడు చాలడు. ధవళేశ్వరమున కాటనునకు కుడిభుజమైనవాడు వీణెం వీరన్న. పనివారిని సమకూర్చుట, వారిని నిలుపుకొనుట, కూలి లెక్కలు తీర్చుట, దొరమాట కూలికిని కూలిమాట దొరకును అర్థమగునట్లు చేయుట అతని చేతిమీదుగా జరిగెను. నీటిలో దిగి పని చేయువానికి రోగము వచ్చును. వరద గుబులు పట్టును. పంటదినములలో ఇంటిమీదికి మనసు పోవును. పదివేల మందిని ఐదేండ్లు ఒకచోట పనిలో నిలుపుటకు అధికారము చాలదు, వారి నమ్మకము కావలెను. వీరన్న తెలుగువాడు, ఆ జనులలోనివాడు. అతడు లేనిచో ఆనకట్ట పూర్తియయ్యెడిది కాదని కాటనే యెంచెనని ప్రతీతి. ప్రభుత్వమువారు అతనికి రాయ్ బహద్దరు బిరుదము నొసంగిరి. 1867లో వీరన్న మరణించెను. అతని సేవను తెలుపు శిలాఫలకము ధవళేశ్వరమున నిలుపబడెను. రాయి మోసిన వేలకొలది చేతులకు మాత్రము ఏ ఫలకమును లేదు.

పని నడుమ 1848లో కాటనునకు వడదెబ్బ తగిలి ప్రాణాపాయ స్థితి వచ్చెను. విధిలేక రెండేండ్లు సెలవుపై పోవలసి వచ్చెను. ఆ కాలమున ఓర్ అను యువ ఇంజనీరు పనిని నడపెను. 1850లో కాటను తిరిగివచ్చి మరల ఏటి యొడ్డున నిలిచెను. 1852 మార్చి నాటికి ఆనకట్ట పూర్తియయ్యెను.

ఆనకట్టతో కథ ముగియలేదు. తూర్పు డెల్టాకు ధవళేశ్వరము నుండి, మధ్య డెల్టాకు బొబ్బర్లంక నుండి, పశ్చిమ డెల్టాకు విజ్జేశ్వరము నుండి కాలువలు సాగెను. అవి పంటకాలువలు మాత్రమే గాక పడవ కాలువలు గూడ. లాకుల మూలమున పడవలు మెట్లు దిగినట్లు దిగి ఎక్కినట్లు ఎక్కెడివి. ధాన్యము, బెల్లము, కొబ్బరి, కలప వీనిపైననే కాకినాడ రేవునకు చేరెను. గన్నవరము వద్ద వైనతేయ పాయ అడ్డము వచ్చెను. ఆవలి గట్టుననున్న నాగరము లంకకు నీరు పోవలెనన్న ఏటిపైనుండి ఏరు దాటవలెను! హేగ్ అను ఇంజనీరు 49 కమానులతో వంతెన వంటి కట్టడమును లేపి దానిపై కాలువను పారించెను. అటుతరువాత చాలకాలమునకు అచ్చట నిర్మింపబడిన క్రొత్త అక్విడెక్టునకు డొక్కా సీతమ్మగారి పేరు పెట్టిరి. ఆమె ఆ గన్నవరముననే ఆకలిగొన్న బాటసారులకు జీవితమంతయు అన్నము పెట్టిన ఇల్లాలు. 1909లో మరణించెను. ఆమె వడ్డించిన అన్నమునకు మూలమైన వరిచేలకు ఈ కాలువలే నీరిచ్చెను గావున ఆ రెండు పేర్లు ఒకచోట చేరుట తగియున్నది.

గోదావరి పని ముగియు వేళకే బెజవాడ వద్ద కృష్ణపై మరియొక ఆనకట్ట మొదలయ్యెను. కాటను ప్రోద్బలమున, ఓర్ పర్యవేక్షణలో, అది 1855లో పూర్తియయ్యెను. ఈ రెండు డెల్టాలు క్రమముగా దక్షిణ దేశమునకు ధాన్యాగారమని పేరు పొందెను. గోదావరి డెల్టాలో ఆయకట్టు పెరిగి పెరిగి పది లక్షల ఎకరములకు చేరెను. నందన కరవులో ఊళ్లు విడిచి పోయిన చోట్లకు ఇతర సీమలవారు వలస వచ్చిరి. శిస్తు, నీటితీరువ హెచ్చి కంపెనీకిని, తరువాత ప్రభుత్వమునకును పెట్టిన ధనముకంటె ఎన్నో రెట్లు లాభము వచ్చెను. మేలు రైతుకు గలిగినది. పన్నును రైతే కట్టెను. ఈ రెండవ మాటను మరచి మొదటి మాటనే చెప్పుట న్యాయము గాదు.

కాటను 1860లో ఉద్యోగము విరమించి స్వదేశము చేరెను. 1861లో సర్ బిరుదము, తరువాత మరికొన్ని గౌరవములు వచ్చెను. కాని అతని అభిప్రాయములకు అట్టి గౌరవము లభింపలేదు. భారతదేశమునకు ముందుగా కావలసినవి రైలుబాటలు కావు, నీటికాలువలే యని అతడు వాదించెను. కాలువ చేనును తడుపును, సరుకును మోయును. రైలు సరుకును మోయునే గాని గింజను పండింపదు. రైలు కంపెనీలలో సొమ్ము పెట్టినవారికి ఈ మాట రుచింపలేదు. అతని వాదమునకు హాని చేసిన సంగతి మరియొకటి గూడ కలదు. తుంగభద్రపై సుంకేసుల ఆనకట్ట నుండి కర్నూలు, కడప సీమలకు కాలువ త్రవ్వించు పనిని మద్రాసు ఇరిగేషను కంపెనీ చేపట్టెను. దాని వెనుక కాటను ప్రోత్సాహము కలదు. ఆ పని అంచనాలు మించి, లాభము రాక, తుదకు 1882లో ప్రభుత్వము చేతికి వచ్చెను. డెల్టాలో సాగిన లెక్క మెట్టసీమలో సాగలేదు. రాయలసీమ నేల వేరు, అచ్చటి రైతు పంటలు వేరు. తన పథకములపై గల గాఢమైన నమ్మకముచే కాటను ఈ భేదమును తక్కువగా నంచనా వేసెననక తప్పదు.

1876 మొదలు 1878 వరకు దక్షిణదేశమున మరల ఘోరమైన కరవు వచ్చెను. లక్షలకొలది జనులు మరణించిరి. గోదావరి, కృష్ణా డెల్టాలు మాత్రము తమకు తిండి పెట్టుకొనుటయే గాక ఇతర జిల్లాలకు ధాన్యము పంపెను. ఇంతకంటె ప్రబలమైన సాక్ష్యము వేరొకటి యుండునా? అయినను 1878లో బ్రిటిషు పార్లమెంటు నియమించిన సంఘము ఎదుట డెబ్బదియైదేండ్ల వృద్ధుడైన కాటను కూర్చుండి ప్రశ్నలకు బదులు చెప్పవలసివచ్చెను. సంఘమువారు అతని వాదమును అంగీకరింపలేదు. అతడు చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. డార్కింగులోని తన తోటలో నేలను లోతుగా దున్ని గోధుమ పండించు ప్రయోగములు చేయుచు, నీటిపారుదలపై వ్రాయుచు కాలము గడపెను. 1899 జూలై 24న, తొంబదియారవ యేట, అచ్చటనే మరణించెను. మరుసటి యేట అతని కుమార్తె, లేడీ హోప్, తండ్రి జీవితచరిత్రను ప్రకటించెను.

బిరుదము లిచ్చిన ప్రభుత్వము 1947లో ఈ దేశము విడిచి పోయెను. ఆనాటి తెల్లదొరల విగ్రహములు పెక్కు చోట్ల తొలగింపబడెను. కాటను విషయమున దీనికి విరుద్ధముగా జరిగెను. గోదావరి జిల్లాలలో స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మటనే ఊరూర అతని విగ్రహములు వెలసెను. వానిలో చాల వానికి ఖర్చు పెట్టినవారు రైతులే. హైదరాబాదు ట్యాంకుబండుపై 1980 తరువాత తెలుగు మహనీయుల విగ్రహములు నెలకొల్పినప్పుడు ఈ ఆంగ్లేయునకును అందు చోటు దొరకెను. స్నానసంకల్పమున అతనిని భగీరథునితో పోల్చి స్మరించు పురోహితులు గోదావరి తీరమున గలరు. పుష్కరములలో తమ పితరులతో పాటు కాటనునకును తర్పణము విడుచువారు కలరు. పరమతస్థుడైన పరదేశీయునకు పితృస్థాన మిచ్చుట ఏ శాస్త్రమున నున్నదో తెలియదు గాని, తమ తాతల ఆకలి కథలు విన్న రైతులకు శాస్త్రముతో పని లేకపోయెను.

పాత ఆనకట్ట నూటముప్పదేండ్లు పని చేసెను. అది శిథిలమగుటచే దాని స్థానమున 175 తలుపులతో క్రొత్త బ్యారేజిని కట్టి, 1982లో దానికి సర్ ఆర్థర్ కాటను పేరు పెట్టిరి. ధవళేశ్వరమున అతని పేర నొక ప్రదర్శనశాల గూడ వెలసినది. ఏటేట మే 15వ తేదీన ఇంజనీర్లు, రైతులు అచ్చట చేరుదురు. తొలకరి వేళ కాలువలకు నీరు వదలు దినమున అధికారులు మొదట కాటను విగ్రహమునకు పూలమాల వేసి, పిదప తలుపు లెత్తుదురు. ఎఱ్ఱనీరు నురుగుతో కాలువ మొగమున దూకి, లాకు తరువాత లాకు దాటుచు, కోనసీమ చివరి చేల వరకు సాగిపోవును.